పోస్టర్లో మా మరదలు

మిస్సిసాగాలో ఒక ఎలిమెంటరీ స్కూల్లో నేను లంచ్ సూపర్‌వైజర్‌ని. పిల్లలు తింటున్నంతసేపూ డబ్బాల మూతలు తీసిపెట్టడం, ఒకడి బిస్కెట్ ఇంకొకడు లాక్కుంటే తగువు తీర్చడం నా ఉద్యోగం. పోయిన హాలోవీన్ రోజు నాలుగో క్లాసు పిల్ల ఒకతి నీలం చొక్కా వేసుకుని, చేతులు మోచేతిదాకా మడుచుకుని, తలకి తెల్ల చుక్కల ఎర్ర గుడ్డ కట్టుకుని వచ్చింది. హాలు మధ్యలో నిలబడి పిడికిలి బిగించి కండ చూపించింది. టీచర్లందరూ చప్పట్లు కొట్టారు. ఆ వేషం ఎవరిదో అక్కడ తెలియనివాళ్ళు లేరు. రెండో ప్రపంచయుద్ధంలో మగవాళ్ళు యుద్ధానికి పోయినప్పుడు ఫ్యాక్టరీల్లో వాళ్ళ పని అందుకున్న ఆడవాళ్ళకి గుర్తుగా మిగిలిన బొమ్మ అది. నేను మాత్రం చప్పట్లు కొట్టలేదు. పాపం ఆ పిల్ల ఏం చేసింది? అయినా చేతులు లేవలేదు.

ఒకప్పుడు నాకూ ఆ బొమ్మంటే ఇష్టమే. ఈ దేశంలో ఆవిడ లేని చోటంటూ లేదు. కాఫీ కప్పుల మీద, ఫ్రిజ్ మాగ్నెట్ల మీద, చివరికి మా డెంటిస్ట్ ఆఫీసు గోడ మీద కూడా ఉంది. ఆవిడకి చెమట పట్టదు, పెదాల రంగు చెదరదు, నడుం నొప్పి రాదు. ఆవిడకి ఇల్లుందో లేదో, ఇంట్లో ఎవరున్నారో, పని దిగాక వంట ఎవరు చేస్తారో బొమ్మ చెప్పదు. చూసేవాళ్ళూ అడగరు. మా మరదల్ని అలాంటి బొమ్మగా మార్చేదాకా నాకూ ఆ ఆలోచన రాలేదు.

మరదలంటే మా తమ్ముడి భార్య. మా ఇంటికి రెండు వీధుల అవతల టౌన్‌హౌస్‌లో ఉండేవాళ్ళు. తమ్ముడు ఎయిర్‌పోర్ట్ దగ్గర ఒక హోటల్లో ఫ్రంట్ డెస్క్ చూసేవాడు. మరదలు మందుల ప్యాకింగ్ ప్లాంటులో లైన్ మీద పనిచేసేది. మాత్రల రేకులు బెల్టు మీద వరసగా వస్తుంటాయి. వాటిలో మాత్ర లేని ఖాళీ గది ఏ రేకులో ఉందో చూసి పక్కకి తీసెయ్యాలి. రోజంతా అదే పని. ఇంటికొచ్చాక కళ్ళు మూసుకున్నా రేకులే కనిపిస్తున్నాయనేది. కూతురు హాలిఫాక్స్‌లో చదువుకుంటోంది. ఇద్దరి జీతాలూ ఇంటికీ, ఆ పిల్ల చదువుకీ సరిపోయేవి. ఎవరి జోలికీ పోని సంసారం.

ప్లాంటులో నగలు, గోళ్ళరంగు, స్టిక్కర్ బొట్టు ఏవీ ఉండకూడదు. ఊడి మందుల్లో పడితే ఇంకేమన్నా ఉందా! అందుకని మరదలు పార్కింగ్ లాట్‌లోనే బొట్టు తీసి కారు అద్దం అంచుకి అంటించి లోపలికి వెళ్ళేది. షిఫ్ట్ దిగాక మళ్ళీ నుదుటికి పెట్టుకునేది. అయితే పాపిట మొదట్లో ఆవగింజంత కుంకుమ మాత్రం ఎప్పుడూ చెరిపేది కాదు. హెయిర్‌నెట్ కింద అది ఎవరికీ కనపడదు. పెళ్ళయినప్పటి నుంచీ ఆ చోటు ఒక్క పూట కూడా ఖాళీగా లేదని ఆవిడ ధీమా.

కోవిడ్ మొదలైన వసంతంలో హోటల్ మూతపడి తమ్ముడు ఇంట్లో కూర్చున్నాడు. మందుల ప్లాంటు మాత్రం మూడు షిఫ్టులూ నడిచింది. జనం బాల్కనీల్లో నిలబడి గిన్నెలు వాయించే రోజులవి. ఆ ఊపులో ప్లాంటు ఆఫీసులో ఎవరికో ఒక ఐడియా వచ్చింది. ఇది కూడా యుద్ధమే కదా, ఆ పాత బొమ్మలాగే మన వర్కర్‌నొకరిని నిలబెట్టి ఫోటో తీద్దాం అన్నారట. మరదలిది గుండ్రటి మొహం, చక్కటి పలువరస. బాస్మతి బస్తా ఎత్తి భుజాన వేసుకోగలిగిన చేతులు. వాళ్ళ కళ్ళు ఆవిడ మీద పడ్డాయి.

ఫోటో తీసింది పార్కింగ్ లాట్‌లో, ఎండలో. మరదలి బొట్టు ఎప్పటిలాగే కారు అద్దం మీద ఉంది. నీలం చొక్కా ఇచ్చారు. తలకి చుక్కల గుడ్డ కట్టారు. మేకప్ చేసే పిల్ల తడి కాగితంతో మొహమంతా తుడుస్తూ తుడుస్తూ పాపిట కుంకుమ కూడా తుడిచేసింది.

"పార్కింగ్ లాట్‌లో మాత్రలుండవు కదా, బొట్టెందుకు తియ్యాలీ అని అడగొచ్చని నాకు తట్టనే లేదు వదినా. లోపలి రూలే బయట కూడా అనుకున్నా" అంది నాతో తర్వాత.

అన్నేళ్ళుగా ప్లాంటు గేటు దగ్గర బొట్టు తీసీ తీసీ ఆ అలవాటు ఒంటికి పట్టేసింది. పెట్టుకుంటానంటే వాళ్ళు వద్దనేవాళ్ళు కూడా కాదేమో. ఎవరూ అడగలేదు, ఈవిడా చెప్పలేదు.

పోస్టర్ ప్లాంటు క్యాంటీన్లోనూ, ఎయిర్‌పోర్ట్ వైపు వెళ్ళే రోడ్డు మీద ఒక బస్ షెల్టర్‌లోనూ పెట్టారు. మనిషెత్తు బొమ్మ. "మీ ఆరోగ్యం మా చేతుల్లో" అని కింద పెద్ద అక్షరాలు. తమ్ముడి సంబరం చూడాలి! షుగర్ ఉన్న మనిషి, భయంతో గడప దాటేవాడు కాదు, పాల బ్యాగుల్ని కూడా సబ్బుతో కడిగేవాడు. అలాంటివాడు కారు తీసి, అద్దాలన్నీ బిగించుకుని వెళ్ళి, లోపలినుంచే ఆ షెల్టర్ ఫోటో తీసుకుని వచ్చాడు. నాకు ఫోన్ చేశాడు.

"అక్కా, మీ మరదలి చెయ్యి చూశావా! నా మీదకి ఎత్తినప్పుడు తీసుంటే ఇంకా బాగా వచ్చేది."

"బొట్టేదిరా?" అన్నాను.

"ఫోటోకేగా. నేను పెడతాలే ఉండు" అన్నాడు.

ఆ సాయంత్రం ఫ్యామిలీ గ్రూపులో ఫోటో పడింది. ఫోన్లో వేలితో నుదుటి మీద ఎర్ర చుక్క గీశాడు. చెయ్యి వణికిందేమో, చుక్క కాస్తా కనుబొమ్మ మీదికి జారింది. అందరం నవ్వుకున్నాం. మరదలు కూడా నవ్విందని చెప్పాడు.

ఆవిడ జాగ్రత్త పడలేదని ఎవరన్నా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. షిఫ్ట్ నుంచి వచ్చి గరాజ్‌లోనే బట్టలు మార్చుకునేది. అటునుంచి అటే బేస్‌మెంట్‌కి పోయి తలస్నానం చేసేది. పడక అక్కడే. తమ్ముడు వంట చేసి పళ్ళెం మెట్ల మీద పెట్టేవాడు. అక్కడితో ఊరుకుంటే వాడు మా తమ్ముడెందుకవుతాడు? పై మెట్టు మీద వాడు, కింది మెట్టు మీద ఆవిడ కూర్చుని భోజనం చేసేవాళ్ళు. ఉప్పు ఎక్కువైందనీ తక్కువైందనీ అక్కడినుంచే వాదులాట. నేను తిట్టాను. "ఒక్కతే కూర్చుని తింటే దానికి ముద్ద దిగదే అక్కా" అన్నాడు.

ప్లాంటులో లైన్ మీద మనుషులు మునుపటిలాగే భుజం భుజం తగిలేలా నిలబడేవాళ్ళు. మధ్యలో అడ్డుపలకలు వస్తాయన్నారు, రాలేదు. ఒకరోజు పక్కనున్నావిడ దగ్గుతూనే ఉంది. సూపర్‌వైజర్‌తో చెప్తే ఆర్డర్ పూర్తయ్యేదాకా ఎలాగో కానియ్యమన్నాడట. గోడ మీద పోస్టర్ పెట్టడానికి మాత్రం మనుషులు దొరికారు, టైమూ దొరికింది. ఆ వారంలోనే మరదలికి జ్వరం వచ్చింది. ఆవిడ తేరుకుంటుండగా తమ్ముడికి వచ్చింది.

అంబులెన్స్ వాళ్ళు తీసుకెళ్తుంటే నేను వాళ్ళ డ్రైవ్‌వే చివర నిలబడి చూశాను. దగ్గరికి రావొద్దన్నారు. తమ్ముడు చెయ్యి ఊపాడు. తర్వాత వాణ్ణి చూసింది ఐప్యాడ్‌లోనే. ఎవరో నర్సు, ముఖమంతా కప్పుకున్న మనిషి, అది పట్టుకుని నిలబడింది. గొట్టాల మధ్య వాడి ముక్కు మాత్రం కనిపించింది, అచ్చం మా నాన్న ముక్కు. మరదలు స్క్రీన్‌లోకి వంగి "ఏవండీ, ఏవండీ" అని పిలుస్తూనే ఉంది. వాడికి వినిపించిందో లేదో మాకు తెలీదు. హాలిఫాక్స్ నుంచి కూతురు రాలేకపోయింది. ఆ పిల్ల కూడా స్క్రీన్ మీద ఇంకో డబ్బాలోంచి "డాడీ" అని ఏడ్చింది. ఆ తర్వాత రెండో రోజు పొద్దున పోయాడు.

కర్మకాండ అంతా జూమ్‌లో అయింది. పదో రోజు పురోహితుడుగారు బొట్టు సంగతి ఎత్తబోతుంటే నేను అడ్డుపడ్డాను. "అలాంటివేం వద్దండీ, మా ఇంట్లో చెయ్యం" అన్నాను. ఆడపడుచుని, పెద్దదాన్ని, నా మాట చెల్లుతుందనుకున్నాను.

పక్కనే కూర్చున్న మరదలు నావైపు చూసి చాలా మామూలుగా అంది. "ఎప్పుడో తీసేశారు కదా వదినా, పార్కింగ్ లాట్‌లో."

తీరా చూస్తే ఆవిడ మనసులో లెక్క ఇంత దూరం వెళ్ళిపోయింది. పాపిట తుడిపించుకుంది కాబట్టి మొగుడు పోయాడు. పనికి వెళ్ళింది కాబట్టి జబ్బు తెచ్చింది. ఏ దారిన వచ్చినా తప్పు తన దగ్గరికే చేరేది. మొదటిది నేను తోసిపారేశాను. ప్రపంచంలో బొట్టు పెట్టుకునే ఆడవాళ్ళ మొగుళ్ళందరూ చిరంజీవులా అని గట్టిగానే అడిగాను. రెండోదానికి మాత్రం "నీ తప్పు కాదమ్మాయ్" అనేదాన్ని. "మరి ఎవరిది వదినా?" అనేది. ఆయన గడప దాటలేదు, ఇంటికి ఎవరూ రాలేదు, వచ్చింది నేనొక్కదాన్నే కదా అనేది. ఆ ప్రశ్న అడిగిన ప్రతిసారీ నా మొహంలోకి చూసేది. పోయినవాడికి నేను తోడబుట్టినదాన్ని. ఊళ్ళోవాళ్ళు వెయ్యిమంది ఓదార్చినా నా మాటే ఆవిడకి కావాలి. నేనేమో ఆ రెండు ముక్కలే తిప్పి తిప్పి చెప్పేదాన్ని.

విజయవాడ నుంచి మా పిన్ని ఫోన్ చేసి, "ఆ రోజుల్లో ఉద్యోగం మానేస్తే ఏం పోయేదే? తెచ్చి వాడికి అంటించింది" అంది. ఫోన్ పెట్టేశాను. ఆ తర్వాత ఇప్పటిదాకా ఆవిడతో మాట్లాడలేదు. ఇక్కడి ఆంటీ ఒకావిడ మరీ ఘనురాలు. బస్ షెల్టర్‌లో పోస్టర్ చూసిందట. "ఆయన ఉన్నప్పుడే బొట్టు లేకుండా ఆ ఫోటో ఏంటండీ, నాకప్పుడే అదోలా అనిపించింది" అంది. ఆవిడ మీద నోరు పారేసుకున్నాను. ఇప్పటికీ బాధ లేదు.

బస్ షెల్టర్‌లో బొమ్మ కొన్నాళ్ళకి మారిపోయింది. క్యాంటీన్లోది మాత్రం ఉండిపోయింది. మరదలు మళ్ళీ అదే ప్లాంటుకి, అదే లైన్‌కి వెళ్ళింది. ఇల్లు నిలబడాలిగా. తన బొమ్మకి వీపు పెట్టి కూర్చుని అన్నం తినేది. తీసెయ్యమని అడిగితే, "నువ్వు మా అందరికీ ఇన్‌స్పిరేషన్" అన్నారట. కొత్తగా చేరిన పిల్లలు ఆ బొమ్మ పక్కన ఈవిణ్ణి నిలబెట్టి సెల్ఫీలు అడిగేవాళ్ళు. కాదనడం చేతకాక నిలబడేది. ఆ ఫోటోల్లో ఎలా నవ్వుతుందో నేను చూశాను. పళ్ళు కనిపిస్తాయి, అంతే.

పోయిన ఏడాది మా ఊళ్ళోని ఒక చిన్న మ్యూజియం వాళ్ళు ఆ పోస్టర్ అడిగి తీసుకున్నారు. ఫ్యాక్టరీ ఆడవాళ్ళ మీద ఎగ్జిబిషన్ అట. ఒక గోడ మీద యుద్ధకాలం, ఎదురు గోడ మీద కోవిడ్ కాలం. బొమ్మలో ఉన్న మనిషి ఒప్పుకుంటేనే పెడతామని మరదలికి ఫోన్ చేశారు. వాళ్ళు తన ఒప్పుకోలు అడుగుతున్నారంటే నమ్మలేక ఆవిడ నాకు రెండుసార్లు చెప్పింది. అప్పటిదాకా ఆ బొమ్మ గురించి ఆవిణ్ణి ఎవరూ అడగలేదు.

"వద్దని చెప్పేద్దాం వదినా. నా ఇంగ్లీషు లైన్ దగ్గరికే సరిపోతుంది. మీరొచ్చి చెప్పండి. నా చెవితో వింటాను" అంది.

శనివారం పొద్దున వెళ్ళాం. ఇంకా జనానికి తెరవలేదు. మ్యూజియం అమ్మాయి చిన్నదే, మర్యాద తెలిసినది. కాఫీ కావాలా అని అడిగి, మా ఇద్దరి కోట్లూ తనే తగిలించింది. కుడిచేతి గోడకి ఆనించి మా మరదలు, మనిషెత్తున, పిడికిలి బిగించి. ఇంకా మేకు కొట్టలేదు. ఎడమ గోడ మీద పాత ఫోటోలు. ఇప్పుడు మన ఎయిర్‌పోర్ట్ ఉన్న వైపే అప్పట్లో యుద్ధ విమానాలు చేసేవారనీ, ఆ షెడ్లలో ఎంతోమంది ఆడవాళ్ళు పనిచేశారనీ ఆ అమ్మాయి చెప్పింది. నేను మర్యాదకి తలూపుతున్నాను. వద్దనే మాట ఎలా మొదలుపెట్టాలా అని నా అవస్థ నాది.

మరదలు ఎడమ గోడ దగ్గర ఆగిపోయింది. ఒక ఫోటోలో ఇరవై ఏళ్ళ పిల్ల విమానం రెక్క మీద మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. జుట్టు గుడ్డలో దోపుకుని, చేతిలో మేకులు దిగ్గొట్టే యంత్రం పట్టుకుని, కెమెరాని చూసి నవ్వుతోంది. వేలికి ఉంగరం ఉంది. మరదలు వంగి ఆ ఉంగరాన్నే చాలాసేపు చూసింది.

"ఈ అమ్మాయి మొగుడు యుద్ధం నుంచి వచ్చాడేమో అడగండి వదినా."

అడిగాను. మ్యూజియం అమ్మాయి కొంచెం తడబడింది. తెలియదంది. ఫోటోలో పిల్ల పేరు కూడా తెలియదంది. ఫోటో తీయించినవాళ్ళు రాసుకోలేదట, ఏ విమానమో మాత్రం రాసుకున్నారట.

"ఎవరూ అడగలేదా?"

అడిగి ఉండరు అంది ఆ అమ్మాయి. గొంతు తగ్గించి, సారీ అని కూడా అంది, తన తప్పయినట్టు.

మరదలు వెనక్కి తిరిగి తన బొమ్మ ముందుకొచ్చింది. దానికి ఎదురుగా నిలబడి తలెత్తి చూడటం నేను అదే మొదటిసారి చూశాను. బొమ్మ కంటే ఈవిడ బాగా చిక్కిపోయింది.

"ఉంచుకోమనండి" అంది. "కానీ కింద రాయమనండి. ఆయన పోయారని. నేను ఈ పనికి వెళ్ళి, జబ్బు తెచ్చి, ఆయనకి అంటించానని రాయమనండి. రేపు ఎవరన్నా వచ్చి ఈవిడ మొగుడు ఏమయ్యాడని అడిగితే తెలీదనకూడదు."

మ్యూజియం అమ్మాయి పెన్సిలూ కాగితం పట్టుకుని నా వైపు చూస్తోంది. ఆ మాట ఇంగ్లీషులోకి మార్చడం ఎంతసేపు? కానీ మా పిన్ని ఫోన్లో అన్నది కూడా అదే కదా. ఇప్పుడు వాడి అక్కనై ఉండి, ఆ మాట నా నోటితో నేనే చెప్పి గోడకెక్కించాలి. ఎదురుగా ఉన్న పోస్టర్లోని నవ్వు చూస్తే నాకు ఒక్కసారిగా కోపం ముంచుకొచ్చింది. ఆ కోపం మరదలి మీద కాదు, తమ్ముడి మీద కాదు. ఇన్నేళ్ళూ "నీ తప్పు కాదు" అంటూ వచ్చాను గానీ, అది ఎవరి తప్పో ఒక్కసారి కూడా బయటికి అనలేదు. ఆ ప్లాంటు జీతంతోనే ఆవిడ ఇల్లు నడుస్తోందని నోరు కట్టేసుకున్నాను.

ఇంగ్లీషులో చెప్పాను. ఈవిడ భర్త అదే ఏడాది అదే జబ్బుతో చనిపోయాడు, అతను నా తమ్ముడు అన్నాను. పక్కన మనిషి దగ్గుతున్నా ఆ ప్లాంటు లైన్ ఆపలేదు, జబ్బు అక్కడినుంచి ఈవిడకీ, ఈవిడ ఇంటికీ వచ్చింది అన్నాను. ఈ పోస్టర్ అప్పటికే ఆ గోడ మీద ఉంది అన్నాను. గొంతు కొంచెం లేచింది. అమ్మాయి రాసుకుంటోంది.

మరదలు నా చెయ్యి పట్టుకుంది. ఆమాత్రం ఇంగ్లీషు ఆవిడకి అర్థమవుతుంది.

"నేను చెప్పమంది అది కాదు కదా వదినా."

"తెలుసు. నువ్వు చెప్పింది నేను చెప్పను."

మ్యూజియం అమ్మాయికి తెలుగు రాకపోయినా ఏదో తేడా వచ్చిందని గ్రహించింది. పెన్సిల్ ఆపి, ఏది రాయమంటారు అన్నట్టు మరదలి వైపు చూసింది. మరదలు తన బొమ్మ వైపు ఇంకోసారి చూసింది. తర్వాత తనే, తన లైన్ ఇంగ్లీషులో, మా వదిన చెప్పిందే రాయండి అంది.

కోట్లు వేసుకుని బయటికి వచ్చాం. కారెక్కాక సీట్ బెల్ట్ పెట్టుకోకుండా కూర్చుంది. నేను కారు స్టార్ట్ చెయ్యలేదు.

"ఆయన కూడా మీలాగే అనుకుని ఉంటారా వదినా?" అంది. "పోయే ముందు. తప్పు నాదనుకోకుండా."

"అలాగే అనుకున్నాడమ్మాయ్. నాతో అన్నాడు."

అనలేదు. వాడు నాతో మాట్లాడిన ఆఖరి మాట ఏ కూర చెయ్యాలనో ఏదో. కానీ వాడి తరఫున చెప్పడానికి ఇంకెవరూ లేరు. మరదలు డాష్‌బోర్డ్ మీద తల ఆనించి, వాడు పోయిన రోజు కూడా ఏడవనంత గట్టిగా ఏడ్చింది.